ఆన్‌లైన్ వర్చువల్ ప్రపంచాలు

ఎక్కడెక్కడి జనమో ఇంటర్నెట్ ద్వారా ఒకేసారి ప్రవేశించి, తమ తరఫున తెరపై మెలిగే అవతారాలతో తిరుగుతూ, మాట్లాడుకుంటూ, కట్టుకుంటూ, కొట్లాడుకుంటూ, కొనుగోళ్లు అమ్మకాలు చేసుకుంటూ గడిపే కంప్యూటర్ కల్పిత స్థలాలను ఆన్‌లైన్ వర్చువల్ ప్రపంచాలు అంటారు. 1970ల చివర్లో ఒక బ్రిటిష్ విశ్వవిద్యాలయంలో అక్షరాలతో మొదలైన ఈ ప్రక్రియ నేడు కోట్లమంది పిల్లల, పెద్దల దినచర్యలో భాగమైంది. వీటిలో కొన్ని పూర్తిగా ఆటలు. కొన్నింటిలో గెలుపూ ఓటమీ ఉండవు, కాలక్షేపమే పని. ఈ ఆకర్షణ పెరగడానికి బొమ్మల నాణ్యత కొంతవరకే కారణమని వీటి చరిత్ర చెబుతుంది. అసలు బలం అక్కడ దొరికే మనుషులది.

నిర్వచనం, హద్దులు

ఒక ఆటనో యాప్‌నో ఈ కోవలో చేర్చడానికి పరిశోధకులు ముందుగా చూసేది నిరంతరత. వినియోగదారు లాగవుట్ అయినా లోకం ఆగకూడదు. రాత్రి కాపలా లేకుండా వదిలేసిన కోటను తెల్లారేసరికి వేరే ముఠా ఆక్రమించుకుని ఉండవచ్చు. ఆ స్థలాన్ని ఒకేసారి అనేకులు పంచుకోవాలి, ఒకరు చేసిన పని మిగతావారికి అప్పటికప్పుడే కనిపించాలి, ప్రతి ఒక్కరికీ తమదైన ఒక రూపం ఉండాలి. ఈ లక్షణాలన్నీ ఉంటే లోకం త్రీడీలో ఉందా, ఉత్త అక్షరాల్లో ఉందా అన్నది పెద్ద విషయం కాదు.

ఈ కొలతతో చూస్తే పబ్‌జీ వంటి ఆటలు హద్దు మీద నిలుస్తాయి. వందమంది దిగి, అరగంటలో ఒకరో ఒక జట్టో మిగిలాక ఆ మైదానం చెరిగిపోతుంది. మరుసటి ఆట మళ్లీ కొత్తదే. అయితే ఆటకు ముందు లాబీలో చేరే స్నేహితులు, వారి మాటలు, కొనుక్కున్న దుస్తులు కొనసాగుతాయి కనుక వీటిని పాక్షికంగా చేర్చేవారూ ఉన్నారు. (‘భారతదేశంలో’ విభాగం చూడండి.) కంటికి హెడ్‌సెట్ తగిలించుకుని చూసే వర్చువల్ రియాలిటీ (వీఆర్) వేరే సంగతి. అది లోకాన్ని చూసే పద్ధతుల్లో ఒకటి, లోకం కాదు. అత్యధికులు వాడేది నేటికీ ఫోను, కంప్యూటర్, గేమ్ కన్సోల్ తెరలే.

చరిత్ర

ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో 1978లో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి ‘మడ్’ అనే ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టాడు. తోటి విద్యార్థి రిచర్డ్ బార్టిల్ దాన్ని ముందుకు తీసుకువెళ్లాడు. అందులో బొమ్మల్లేవు. నిలుచున్న చోటి వర్ణన అక్షరాల్లో వచ్చేది, ఆటగాడు ఏ దిక్కుకు పోవాలో టైపు చేసేవాడు. పక్కన ఇంకెవరైనా ఉంటే ఆ సంగతీ తెరమీద పడేది. అదే దాన్ని అంతకుముందున్న ఒంటరి సాహస ఆటల నుంచి వేరు చేసింది.

బొమ్మలతో వచ్చిన తొలి పెద్ద ప్రయోగం ‘హ్యాబిటాట్’. లూకస్‌ఫిల్మ్ గేమ్స్ సంస్థలో చిప్ మార్నింగ్‌స్టార్, రాండీ ఫార్మర్ 1980ల మధ్యలో కమోడోర్ 64 కంప్యూటర్ల కోసం దీన్ని తయారుచేశారు. టెలిఫోన్ తీగ మీద నత్తనడకన వచ్చే సమాచారంతో నడిచిన ఆ ఊళ్లో ప్రయోగదశలో కొన్ని వందలమందే ఉండేవారు. ఆ కొద్దిమందే, తర్వాతి లోకాల్లో ఎదురవబోయే సమస్యలను దాదాపుగా అన్నీ ముందే రుచి చూపించారు. ఒక యంత్రం 75 టోకెన్లకు బొమ్మను అమ్మేది. మరో చోటున్న తాకట్టు యంత్రం అదే బొమ్మను 100కి కొనేది. స్ఫటిక గోళం 18,000కి దొరికితే 30,000కి అమ్ముడుపోయేది. ఇది కనిపెట్టిన కొందరు రాత్రంతా బొమ్మలు మోసి పెట్టుబడి కూడబెట్టి, ఆపైన గోళాల వ్యాపారానికి దిగారు. తెల్లారేసరికి లోకంలోని మొత్తం డబ్బు అయిదింతలైంది. నిర్వాహకులు అడిగితే, తాము న్యాయంగానే సంపాదించామని వారి వాదన. ఆ సొమ్మును వారి దగ్గరే ఉండనిచ్చారు. వారు దాంతో తోటివారికి నిధివేట పోటీలు పెట్టారు. దొంగతనాలు, హత్యలు పెరిగినప్పుడు అక్కడి జనం ఓట్లేసి ఒక షెరీఫ్‌ను కూడా ఎన్నుకున్నారు. సృష్టికర్తలు వేసే ప్రణాళికల కన్నా వాడేవారి చేష్టలే లోకాన్ని నడిపిస్తాయని ఇద్దరు రూపకర్తలూ తర్వాత రాసిన వ్యాసంలో తేల్చారు.

1997లో వచ్చిన ‘అల్టిమా ఆన్‌లైన్’ అదే పాఠాన్ని మళ్లీ నేర్చుకుంది. అడవిలో జంతువులు పుట్టి, మేసి, ఒకదాన్నొకటి వేటాడే ఏర్పాటును రూపకర్తలు శ్రమపడి అమర్చారు. ఆటగాళ్లు ప్రవేశించి కనిపించిన ప్రతిదాన్నీ చంపేయడంతో ఆ ఏర్పాటు ఎవరికీ కనిపించకుండానే పోయింది. అదే ఏడాది ఆగస్టులో, ప్రయోగదశ ముగుస్తున్న వేళ, ఆ లోకపు రాజుగా జనం ముందుకొచ్చిన రూపకర్త రిచర్డ్ గారియట్ అవతారాన్ని ఒక ఆటగాడు మంటల మంత్రంతో చంపేశాడు. సర్వర్ కూలి మళ్లీ లేచినప్పుడు చావులేని వరాన్ని తిరిగి పెట్టుకోవడం రాజుగారు మరిచిపోయారు.

దక్షిణ కొరియాలో 1998లో మొదలైన ‘లీనియేజ్’ అక్కడి వీధివీధినా వెలసిన ఇంటర్నెట్ గేమింగ్ కేంద్రాల్లో వ్యాపించింది. అమెరికాలో 1999లో ‘ఎవర్‌క్వెస్ట్’, 2004లో ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ వచ్చాయి. రెండోదానికి 2010లో 1.2 కోట్లమంది చందాదారులున్నారు. లిండెన్ ల్యాబ్ 2003లో తెరిచిన ‘సెకండ్ లైఫ్’లో యుద్ధాలు, లెవెళ్లు లేవు. అందులో ఇళ్లు, బట్టలు, వీధులు చాలావరకు వాడుకరులు తయారుచేసినవే, వాటి మేధోహక్కులూ వారివే. 2007లో మాల్దీవులు, స్వీడన్ అక్కడ రాయబార కార్యాలయాలు తెరిచాయి. రాయిటర్స్ వార్తాసంస్థ 2006లోనే విలేఖరిని నియమించింది. ఆ హడావుడి రెండు మూడేళ్లలో సద్దుమణిగింది. లోకం మాత్రం మూతపడలేదు, నిత్యం వచ్చే కొద్దిపాటి జనంతోనే నడుస్తోంది.

పిల్లల తరాన్ని పట్టుకున్నవి ‘రోబ్లాక్స్’ (2006), ‘మైన్‌క్రాఫ్ట్’ (2009లో తొలి రూపం, 2011లో పూర్తి విడుదల). మైన్‌క్రాఫ్ట్ తయారీ సంస్థ మొజాంగ్‌ను మైక్రోసాఫ్ట్ 2014లో 250 కోట్ల డాలర్లకు కొన్నది. 2023 నాటికి ఆ ఆట 30 కోట్ల ప్రతులు అమ్ముడైంది. రోబ్లాక్స్ తనకు తానుగా ఆట కాదు. లక్షలాదిమంది, వారిలో చాలామంది టీనేజర్లు, తయారుచేసిన చిన్న లోకాల సంత. 2024 చివరి మూడు నెలల్లో రోజుకు సగటున 8 కోట్లమందికి పైగా అందులోకి వచ్చారు.

కోవిడ్ లాక్‌డౌన్‌లో ఈ అలవాటు మరింత పాకింది. 2020 ఏప్రిల్‌లో ‘ఫోర్ట్‌నైట్’లో ర్యాపర్ ట్రావిస్ స్కాట్ కచేరీని ఒకేసారి 1.23 కోట్లమంది చూశారు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థులు తమ క్యాంపస్‌ను మైన్‌క్రాఫ్ట్‌లో కట్టుకుని మే నెలలో స్నాతక వేడుక అక్కడే జరుపుకున్నారు. ఈ ఊపు చూసి 2021 అక్టోబరులో ఫేస్‌బుక్ సంస్థ తన పేరునే మెటాగా మార్చుకుంది. మెటావర్స్ అనే మాట నీల్ స్టీఫెన్‌సన్ 1992 నవల ‘స్నో క్రాష్’లోది. ఈ పనులు చూసే మెటా విభాగం 2022లో 1,370 కోట్ల డాలర్లు, 2023లో 1,610 కోట్ల డాలర్లు నష్టపోయింది. డబ్బు కుమ్మరిస్తే ఊరు కట్టవచ్చు గానీ, జనం కాపురం ఉండేలా చేయడం వేరే విద్య.

రకాలు

స్థూలంగా సాహసయాత్రల లోకాలు (వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్, రూన్‌స్కేప్), నిర్మాణ లోకాలు (మైన్‌క్రాఫ్ట్), కాలక్షేప లోకాలు (సెకండ్ లైఫ్, ఫిన్లాండ్‌లో పుట్టిన హాబ్బో హోటల్, హెడ్‌సెట్లు వాడేవారికి ఇష్టమైన వీఆర్‌చాట్), వేదిక లోకాలు (రోబ్లాక్స్) అని చెబుతారు. గీతలు కచ్చితమైనవి కావు. దొంగతనాలూ కార్ల ఛేజింగులూ ఉన్న ‘జీటీఏ ఫైవ్’ ఆటను తీసుకుని, దాని మీద అభిమానులు నడిపే రోల్‌ప్లే సర్వర్లలో ఒకరు కానిస్టేబుల్, ఒకరు డాక్టర్, ఒకరు మెకానిక్‌గా నెలల తరబడి పాత్ర వదలకుండా నటిస్తారు. షూటింగ్ ఆట అక్కడ వీధి నాటకమైంది.

పనిచేసే తీరు

లోకం నిజస్థితి అంతా సంస్థ సర్వర్లలో ఉంటుంది. వినియోగదారు యంత్రంలో కనిపించేది దాని ప్రతిబింబమే. కీ నొక్కగానే ఆ కోరిక సర్వర్‌కు వెళుతుంది. సర్వర్ అందరి కోరికలనూ చేర్చి, నిర్ణీత వ్యవధికొకసారి లెక్క తేల్చి, ఫలితాన్ని అందరికీ పంపుతుంది. ఈ లెక్క మైన్‌క్రాఫ్ట్‌లో సెకనుకు 20 సార్లు, అంతరిక్ష ఆట ‘ఈవ్ ఆన్‌లైన్’లో సెకనుకు ఒకసారి జరుగుతుంది. సమాచారం వెళ్లి రావడానికి పట్టే కాలమే ఆటగాళ్ల నోట నలిగే పింగ్. అది పెరిగితే తాము ముందే పక్కకు తప్పుకున్నామనుకుంటుండగానే తూటా తగులుతుంది. దీన్ని కప్పిపుచ్చడానికి ఆటగాడి యంత్రం తరువాతి కదలికను ముందే ఊహించి చూపి, సర్వర్ మాట వచ్చాక సరిచేసుకుంటుంది.

ఒకే స్థలంలో ఎంతమందిని ఉంచవచ్చన్నది ఈ రంగంలో ఎప్పటికీ తెగని చిక్కు. మనుషుల సంఖ్య రెట్టింపైతే ఎవరేం చేశారో ఎవరికి చెప్పాలన్న లెక్క సుమారు నాలుగింతలవుతుంది. అందుకే చాలా సంస్థలు ఒకే లోకానికి అనేక నకళ్లు పెట్టి జనాన్ని పంచుతాయి. ట్రావిస్ స్కాట్ కచేరీలో కోటిమంది కలిసి చూశారన్నది నిజమే అయినా, ఒక్కొక్కరి చుట్టూ కనిపించింది కొన్ని పదులమందే.

ఐస్‌లాండ్ సంస్థ సీసీపీ 2003 నుంచి నడుపుతున్న ఈవ్ ఆన్‌లైన్ అలా పంచదు. ప్రధాన సర్వర్‌లోని ఆటగాళ్లందరిదీ ఒకే విశ్వం. యుద్ధం పెద్దదై సర్వర్ మోయలేకపోతే కాలాన్నే నెమ్మదింపజేసి, పదో వంతు వేగానికి దించుతుంది. 2014 జనవరి 27న ఒక కూటమి తన స్థావరం మీద కట్టవలసిన రుసుము కట్టకపోవడంతో బీ-ఆర్5ఆర్‌బీ అనే నక్షత్ర వ్యవస్థ యజమాని లేనిదైంది. ప్రత్యర్థులు విరుచుకుపడ్డారు. నెమ్మదించిన కాలంలో 21 గంటలు సాగిన ఆ పోరులో 7,500 మందికి పైగా పాల్గొన్నారు, టైటాన్లనే అతిపెద్ద నౌకలు 75 ధ్వంసమయ్యాయి. వాటిని కట్టడానికి పట్టిన శ్రమను డబ్బులో లెక్కిస్తే నష్టం దాదాపు 3 లక్షల డాలర్లని అంచనా. కరెంటు బిల్లు మరిచిపోతే ఫ్యూజు పీకేసినట్టు మొదలైన యుద్ధం అది.

ఆర్థిక వ్యవస్థ

ఈ లోకాల్లో డబ్బు శూన్యం నుంచి పుడుతుంది. రాక్షసుడిని చంపితే బంగారం రాలుతుంది. ఆ ధార అలాగే పారితే ధరలు ఆకాశాన్నంటుతాయి కనుక మరమ్మతులు, పన్నులు, ప్రయాణ ఖర్చుల రూపంలో సంస్థలు దాన్ని తిరిగి పీల్చేస్తాయి. హ్యాబిటాట్‌లో జరిగింది ఈ సమతూకం తప్పడమే. ఈవ్ ఆన్‌లైన్ ఈ పనికోసమే 2007లో ఒక ఆర్థికవేత్తను ఉద్యోగంలోకి తీసుకుంది.

అమెరికన్ ఆర్థికవేత్త ఎడ్వర్డ్ కాస్ట్రోనోవా 2001లో ఎవర్‌క్వెస్ట్ వస్తువులు వేలంలో అసలు డాలర్లకు అమ్ముడుపోతున్న ధరలు సేకరించి, ఆ లోకపు తలసరి ఉత్పత్తి రష్యా, బల్గేరియాల మధ్య ఉందని లెక్కగట్టాడు. సెకండ్ లైఫ్‌లో లిండెన్ డాలర్‌ను అసలు డాలర్‌గా మార్చుకునే వీలుంది, ఒక డాలర్‌కు సుమారు 250 లిండెన్లు. అక్కడ స్థలాల వ్యాపారంతో సంపన్నురాలైన ఆన్షీ చంగ్ అవతారం 2006లో ‘బిజినెస్‌వీక్’ ముఖచిత్రమైంది. రోబ్లాక్స్ 2024లో తన వేదిక మీద ఆటలు తయారుచేసినవారికి 90 కోట్ల డాలర్లకు పైగా చెల్లించింది. ఈ సొమ్ములో అధికభాగం పైవరుసలో ఉన్న కొద్దిమందికే చేరుతుంది.

నాణేనికి మరో ముఖం బంగారపు కూలి. చైనాలో యువకులు షిఫ్టుల్లో కూర్చుని ఆటల్లో బంగారం తవ్వి పాశ్చాత్య ఆటగాళ్లకు అమ్మిన రోజులున్నాయి. 2017 ప్రాంతంలో వెనెజువేలా కరెన్సీ కుప్పకూలినప్పుడు, అక్కడివారు కొందరు రూన్‌స్కేప్‌లో పచ్చ డ్రాగన్లను చంపి సంపాదించినదాంతో ఇల్లు గడుపుకున్నారు. కల్పిత బంగారం దేశపు కరెన్సీ కన్నా స్థిరంగా ఉంది మరి.

ఆకర్షణకు కారణాలు

రిచర్డ్ బార్టిల్ 1996లో ఆటగాళ్లను నాలుగు రకాలుగా విభజించాడు: సాధించాలనుకునేవారు, అన్వేషించేవారు, కలిసిమెలిసి ఉండాలనుకునేవారు, ఎదుటివారిని ఓడించి ఆనందించేవారు. ఈ నాలుగూ ఒకదానిమీద ఒకటి ఆధారపడతాయని, ఒక వర్గం మరీ పెరిగితే మరొకటి జారుకుంటుందని ఆయన వాదన. తర్వాత నిక్ యీ వేలాదిమందిని సర్వే చేసి, కారణాలను సాధన, సాంగత్యం, లీనమవడం అనే మూడు గుంపులుగా చూపాడు. ఒకే మనిషిలో మూడూ కలగలిసి ఉంటాయి.

సాంగత్యం ఎంత బలమైనదో నార్వేకు చెందిన మాట్స్ స్టీన్ ఉదంతం చూపుతుంది. కండరాలు క్రమంగా క్షీణించే డుషేన్ వ్యాధితో చక్రాల కుర్చీకి పరిమితమైన అతడు 2014లో 25 ఏళ్ల వయసులో మరణించాడు. కొడుకు స్నేహితుల్లేకుండా, గదిలో ఆటలతో బతుకు వెళ్లదీశాడని తల్లిదండ్రుల బాధ. మరణవార్తను తండ్రి అతడి బ్లాగులో పెట్టగానే యూరప్ నలుమూలల నుంచి సంతాపాలు వెల్లువెత్తాయి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఐబెలిన్ అనే పేరుతో తిరిగిన మాట్స్, ‘స్టార్‌లైట్’ అనే ఆటగాళ్ల బృందం (గిల్డ్)లో ఏళ్ల తరబడి సభ్యుడు. దిగులుపడినవారి మాట వినేవాడు, తల్లీకొడుకుల మధ్య మాట కలిపేవాడు. గిల్డ్ సభ్యుల్లో కొందరు విమానమెక్కి అంత్యక్రియలకు వచ్చారు. అక్కడి సంభాషణల రికార్డులు వేల పేజీలు మిగిలి ఉండటంతో దర్శకుడు బెంజమిన్ రీ వాటి ఆధారంగా తీసిన డాక్యుమెంటరీ 2024లో వెలువడింది. ఆ లోకంలో ఐబెలిన్ రోజూ పరుగెత్తేవాడు.

వెళ్లడం సులువు, ఖర్చు తక్కువ, రూపం మన ఇష్టం అన్నవి మిగతా కారణాలు. బయట ఆడుకునే స్థలం, పెద్దల కళ్లు లేని చోటు తగ్గిపోయిన నగరాల్లో పిల్లలకు ఇవి మైదానం బదులు పనికొస్తున్నాయని సామాజిక పరిశోధకులు కొందరు అంటారు. రోజూ వస్తే బహుమతి, వారం దాటితే దొరకని దుస్తులు వంటి ఎరలు సంస్థలు కావాలని పెట్టినవే. వీటిని లెక్కలోకి తీసుకోకుండా ఆకర్షణ అంతా సహజమేనని చెప్పడం అసంపూర్ణం.

పరిశోధనలో స్థానం

2005 సెప్టెంబరులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో హక్కార్ అనే ప్రతినాయకుడి శాపం ఒకటి అనుకోకుండా అంటువ్యాధిగా మారింది. ఆ పోరు స్థలంలోనే ఉండిపోవలసిన ‘చెడు రక్తం’ అనే ఆ శాపం ఆటగాళ్ల పెంపుడు జంతువులకు అంటుకుని నగరాలకు చేరింది. దుకాణదారు పాత్రలు చావకుండా దాన్ని మోశాయి, బలం తక్కువున్న ఆటగాళ్లు పిట్టల్లా రాలారు. కొందరు వైద్యం చేయడానికి ఎదురెళ్లారు, కొందరు ఊళ్లు వదిలి పారిపోయారు, కొందరు కావాలని అంటించారు. చివరకు సంస్థ లోకాన్ని సరిచేసి దాన్ని ఆపవలసి వచ్చింది. ఎపిడెమియాలజిస్టులు ఎరిక్ లోఫ్‌గ్రెన్, నీనా ఫెఫర్‌మన్ 2007లో ‘లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్’లో దీన్ని విశ్లేషించారు. ఉత్సుకతతో ముప్పు దగ్గరికి వెళ్లి చూసే మనుషుల్ని అప్పటి గణిత నమూనాలు పట్టించుకోలేదని వారు గుర్తించారు.

వివాదాలు, నియంత్రణ

లాంబ్డామూ అనే అక్షర లోకంలో ఒక వినియోగదారు ఇతరుల పాత్రలపై లైంగిక హింసను వర్ణించిన ఘటన మీద 1993లో జర్నలిస్టు జూలియన్ డిబెల్ రాసిన వ్యాసం, అవతారంపై జరిగే దాడి దాని వెనుకనున్న మనిషిని గాయపరుస్తుందా అన్న చర్చను తెచ్చింది. ఆ చర్చ వీఆర్ లోకాల్లో మళ్లీ రేగింది. రోబ్లాక్స్ వంటి చోట్ల పెద్దవారు పిల్లల వేషంలో చేరి వలవేయడం మీద అమెరికాలో వ్యాజ్యాలు నడుస్తున్నాయి. తుర్కియే 2024 ఆగస్టులో రోబ్లాక్స్‌ను నిలిపివేసింది.

వ్యసనం సంగతి వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌ను తన వ్యాధుల వర్గీకరణలో చేర్చింది, 2022 జనవరి నుంచి అది అమల్లోకి వచ్చింది. చైనా 2021లో మైనర్ల ఆటను శుక్ర, శని, ఆదివారాలు, సెలవురోజుల్లో గంట చొప్పునకు కుదించింది. దక్షిణ కొరియా మాత్రం 16 ఏళ్లలోపు వారిని అర్ధరాత్రి తర్వాత ఆడనివ్వని తన 2011 చట్టాన్ని పదేళ్లకే ఎత్తివేసింది. కల్పిత వస్తువుకు ఆస్తి హోదా ఉందా అన్నదానిపై నెదర్లాండ్స్ సుప్రీంకోర్టు 2012లో ఉందని తీర్పిచ్చింది. ఒక బాలుడిని కొట్టి, అతడి రూన్‌స్కేప్ తాయెత్తు లాక్కోవడం దొంగతనమేనని తేల్చింది.

భారతదేశంలో

భారత్‌లో ఈ లోకాల ద్వారం కంప్యూటర్ కాదు, చవక డేటాతో వచ్చిన స్మార్ట్‌ఫోను. 2020 సెప్టెంబరులో కేంద్రం పబ్‌జీ మొబైల్‌ను నిషేధించింది. 2021లో బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చిన ఆట 2022 జులైలో మళ్లీ ఆగి, 2023 మేలో పునఃప్రవేశించింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను, సామాజిక ఆటలను ప్రోత్సహించే వర్గంలో ఉంచింది.

2022 ఫిబ్రవరిలో తమిళనాడులోని శివలింగపురం గ్రామంలో పెళ్లి చేసుకున్న వధూవరులు తమ రిసెప్షన్‌ను మెటావర్స్‌లో జరుపుకున్నారు. అంతకుముందే కన్నుమూసిన వధువు తండ్రి అవతార రూపంలో అతిథులను దీవించాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం తన స్పేస్‌టెక్ విధానాన్ని మెటావర్స్ వేదికపై ఆవిష్కరించింది. ఇలాంటి ఒక్కరోజు వేడుకల కన్నా, జీటీఏ రోల్‌ప్లేలో తెలుగు మాటలతో నడిచే సర్వర్లకు, వాటిని యూట్యూబ్‌లో చూసే కుర్రకారుకు నిలకడ ఎక్కువ. అక్కడ ఒకరినొకరు పిలుచుకునేది అన్నా, మామా, బ్రో అనే.

మూసివేత, సంరక్షణ

సర్వర్ ఆపితే లోకం ఉండదు. డిస్నీ 2007లో 35 కోట్ల డాలర్లకు కొన్న పిల్లల లోకం ‘క్లబ్ పెంగ్విన్’ 2017 మార్చిలో ఆగిపోయింది. ‘సిటీ ఆఫ్ హీరోస్’ 2012 నవంబరులో మూతపడగా, అభిమానులు కొందరు దాన్ని రహస్యంగా నడుపుతూ వచ్చారు. 2019లో ఆ సంగతి బయటపడింది, 2024 జనవరిలో హక్కుదారు ఎన్‌సీసాఫ్ట్ వారిలో ఒక బృందానికి అధికారికంగా లైసెన్సు ఇచ్చింది. ఉబిసాఫ్ట్ తన ‘ద క్రూ’ కార్ల ఆటను 2024 మార్చిలో ఆపి, డబ్బిచ్చి కొన్నవారికి కూడా అందకుండా చేయడంతో యూరప్‌లో ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం మొదలైంది. అమ్మిన ఆటలను మద్దతు ఆపేశాక కూడా ఆడుకోగల స్థితిలో వదలాలని కోరే ఈ ఉద్యమపు పౌర పిటిషన్‌పై 2025 జులై నాటికి 10 లక్షలకు పైగా సంతకాలు చేరాయి.